రెండో ఆరా

తోటలో పంపుషెడ్డు మూల, గోనెసంచి కింద ఆరేళ్ళుగా పడివున్న రంపం మిషన్‌ని పోయిన నెల ఒక ఆదివారం బయటికి లాగాను. చైన్ తుప్పుపట్టి బార్‌కి అతుక్కుపోయింది. టాంకీలో మిగిలిన పెట్రోలు ఎండి పసుపు జిగురులా మారింది. ముందు హాండిల్ దగ్గర బోల్టులుండాల్సిన రంధ్రాలు ఖాళీగా కనిపిస్తున్నాయి. అక్కడ చేతి గార్డు ఉండాలి. అది ఎందుకు లేదో నాకు తెలుసు, ఇంకొక్క మనిషికి తెలుసు, అల్లాకి తెలుసు.

దాని జాగాలో కొత్తది కొనాలి. మనవాళ్ళలో చాలా ఘరానాల హాల్ ఇదే: ఊరి బయట రెండెకరాలో మూడెకరాలో ఉంటుంది, మనం పట్నంలో ఉంటాం, పిల్లలు హైదరాబాద్‌లోనో జిద్దాలోనో ఉంటారు, తోటని వేరే మనిషి చూస్తాడు. మిషన్ కొనేది మనం, పట్టుకునేది అతను. అందుకే ఈ ఖరీదీ సంగతి కాస్త వివరంగా రాస్తున్నా. నా తజ్రుబా ఎవరికైనా పనికొస్తే దువా చేయండి.

మా ఉర్దూ మీడియం బడి గోడ మీద అలిఫ్ మద్ పట్టీలో ఆమ్, ఆరా పక్కపక్కనే ఉండేవి. మామిడిపండు బొమ్మ, దాని పక్కన రంపం బొమ్మ. పండు పక్కన ఆ పళ్ళ చక్క ఎందుకని అప్పుడు అనిపించలేదు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక 'రంపపుకోత' అనే మాట నేర్చుకున్నాను. రెండు జుబాన్లలోనూ ఆ ఔజార్ పేరు నాకు తెలుసు. దాన్ని చేత్తో పట్టుకోవడం మాత్రం ఏ బళ్ళోనూ నేర్పలేదు.

కథ హుద్‌హుద్ తూఫాన్ దగ్గర మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. బక్రీద్ అయి ఆరు రోజులే అయింది. మధ్యాహ్నానికి తూఫాన్ సరిగ్గా మన వైజాగ్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చింది. హుద్‌హుద్ అంటే సులైమాన్ అలైహిస్సలాం దర్బారు పిట్ట, సబా మలికా ఖబర్ తెచ్చిన పిట్ట, నెత్తిన తురాయి ఉంటుంది. సూరె నమ్ల్‌లో దాని కిస్సా ఉంది. నాలాంటి విలేఖరికి ఒకరకంగా పెద్దన్న. పక్కా ఖబర్ తెచ్చిన పిట్ట పేరుతో వచ్చిన గాలి మాత్రం రేడియోలు, ఫోన్లు, కరెంటు అన్నీ మూయించి ఎవరి ఖబర్ ఎవరికీ లేకుండా చేసింది.

మా ఇల్లు వన్ టౌన్‌లో, ఇస్‌హాఖ్ మదీనా దర్గా కొండ కనిపించే గల్లీలో. మధ్యాహ్నం దాటాక గల్లీ మొగదల ఉన్న పెద్ద వేపచెట్టు అడ్డంగా పడింది. చీకటి పడేవేళకి అబ్బాకి సాన్స్ అందలేదు. ఆటో రాదు, అంబులెన్స్‌కి ఫోన్ కలవదు. గల్లీలో ఉన్న ఔజార్లు ఏమిటి? రెండు గొడ్డళ్ళు, మొన్న ఖుర్బానీకి నూరించిన బుగ్దాలు. తడి వేపమాను మీద బుగ్దా వేస్తే టంగ్‌మని ఎగిరి వెనక్కొచ్చేది. గంటసేపు కొట్టినా మోకాలి లోతు కూడా దిగలేదు. చివరికి పోర్టులో పనిచేసే పక్కింటి అన్న ఎక్కడినుంచో ఒక రంపం మిషన్ తెచ్చాడు. పది నిమిషాల్లో కుర్చీ పట్టేంత దారి తయారైంది. అబ్బాని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాం.

అబ్బా ఆ రాత్రి బతికారు, అల్హందులిల్లా. ఇంకో రెండేళ్ళు ఉన్నారు. ఇంటికి రాగానే అన్న మాట: "బేటా, ఔజార్ ఇంట్లో ఉండాలి. ఆఫత్ వచ్చాక అడుక్కుంటే దొరకదు." నేను సరే అన్నాను. నాలుగేళ్ళు ఏమీ చేయలేదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. రిపోర్టింగ్‌కి ఉద్దానం వెళ్ళాను. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, ఎటు చూసినా కొబ్బరిచెట్లు పడుకుని ఉన్నాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. రైతులు రంపం మిషన్ల కోసం బారులు కట్టారు. గంటకింత అని కిరాయి, అది కూడా రేపు రమ్మనేవాళ్ళు. అబ్బా మాట దిల్‌లో గుచ్చుకుంది. తిరిగొచ్చిన వారంలోనే ఏడు వేలు పెట్టి ఒకటి కొన్నాను. యాభై ఎనిమిది సీసీ, ఇరవై రెండు అంగుళాల బార్. దుకాన్‌లో అన్నిటికంటే పెద్దది, ధరలో దాదాపు అన్నిటికంటే తక్కువ. ఇంకేం కావాలి అనుకున్నాను. సబ్బవరం దాటాక ఉన్న మా మూడెకరాల్లో దింపి, తోట చూసే మావకి అప్పగించి, స్టార్ట్ చేయడం చూపించి వచ్చేశాను. మావ మా అబ్బా కాలం నుంచి ఉన్న మనిషి. అబ్బాని 'పెద సాయిబుగోరు' అనేవాడు, నన్ను 'సాయిబుగోరు' అంటాడు.

2019 ఏప్రిల్. పదకొండున పోలింగ్. ఆఫీసులో ఊపిరాడని పని. మావ ఫోన్ చేశాడు. "సాయిబుగోరూ, మిషను ముందున్న ఈ రేకు జీడికొమ్మల్లో తగిలీసుకుంటంది. తీసీమంటారా?"

"తీసేయ్ మావా" అన్నాను. ఆ రేకు ఏమిటో అడగలేదు. అది ఎందుకుందో నాకూ తెలీదు. ఫోన్ పెట్టేసి మళ్ళీ పోలింగ్ శాతాల్లో పడ్డాను.

రెండోరోజు మావ ఎడమ మోకాలి మీద రంపం దిగింది.

తర్వాత తెలుసుకున్నాను ఏం జరిగిందో. బార్ చివర పైసగం దేనికైనా తగిలితే చైన్ కోయలేక, మిషన్‌ని మొత్తం వెనక్కి, పైకి విసురుతుంది. మనిషి రెప్ప వేసేలోపు అయిపోతుంది. జీడిచెట్టు కిందికంటా గుబురుగా ఉంటుంది కదా, కోసే కొమ్మ వెనక ఇంకో కొమ్మ దాగి ఉంది. ఇరవై రెండు అంగుళాల బార్ కొస దానికి తగిలింది. మిషన్ ఎగిరినప్పుడు ఎడమచేతి మణికట్టు ముందున్న గార్డుకి తగలాలి, గార్డు ముందుకి ఒరగాలి, చైన్ అక్కడికక్కడే ఆగాలి. గార్డు అంటే అదే, బ్రేకు మీట. నేను తీసేయమన్నది మిషన్ బ్రేకుని.

మావ అందరికీ ఒకటే చెప్పాడు: "నా తప్పే. ఎండలో కళ్ళు తిరిగినాయి." ఫోన్ సంగతి ఎక్కడా అనలేదు. నేనూ అనలేదు. ఆస్పత్రి ఖర్చు మొత్తం పెట్టుకున్నాను, నెల జీతం ఆపలేదు. ఊళ్ళో 'సాయిబు మంచోడు' అన్నారు. ఆ తారీఫ్ విన్నాను, చుప్‌గా ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా ఊరందరి గఫ్లత్ మీద వార్తలు రాసి సంపాదించుకున్న రిజ్ఖ్ నాది. మావ అప్పటినుంచి కింద కూర్చోలేడు.

ఇప్పుడు మళ్ళీ మిషన్ కావాలన్నది మావే. పోయిన వానల్లో నాలుగు నీలగిరులు కంచె మీద పడ్డాయి. కొడుకుతో కోయిస్తానన్నాడు. ఇంట్లో మాట ఎత్తితే బేగం ఒకే సవాల్ అడిగింది: "పట్టుకునేది ఎవరు?" ఎంతది, ఏ కంపెనీది అని కాదు. నేను 2018లో వేసుకోవాల్సిన సవాల్ అది. జవాబు తెలిస్తే మిగతా సగం హిసాబ్ దానంతటదే తేలిపోతుంది.

పట్టుకునేది మావ కొడుకు. పాతికేళ్ళ లోపు కుర్రాడు, బక్కపలచని మనిషి. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని, సెలవురోజు తోటపని. కోయాల్సింది ఏమిటో ముగ్గురం తోటంతా తిరిగి లెక్కేసుకున్నాం. గట్ల మీద సరుగుడు, జానెడు లావు కూడా ఉండదు. నీలగిరి ఎనిమిది, పది అంగుళాలు. కొబ్బరి అడుగు లావు. జీడి వంకరటింకర. మామిడి మొదళ్ళు పెద్దవే, కానీ వాటిని నరికే ఇరాదా ఎవరికీ లేదు, ఎండుకొమ్మలు తీస్తే చాలు. ఏడాదికి పదిహేను, ఇరవై రోజుల పని. దీనికి ఇరవై రెండు అంగుళాల బార్ ఎందుకు? పదహారు అంగుళాల బార్‌తో అడుగు లావు మాను ఒక్క కోతలో తెగుతుంది, అంతకంటే లావైతే రెండు పక్కలనుంచి కోయొచ్చు. పొడుగు బార్ అంటే కొస ఎక్కడుందో కనపడకపోవడమే. మావ మోకాలికి అయింది అదే.

ఇంజన్ సంగతి. ముప్పై సీసీ చుట్టుపక్కల ఉన్నవి తేలిక, పెరట్లో కొమ్మలకి, వంటచెరుకుకి బాగుంటాయి. మనం రోజంతా నీలగిరి కోస్తే రొప్పుతాయి. అరవై, డెబ్బై సీసీలు రోజూ అదే పనిచేసే కారీగర్ల కోసం. మాలాంటి దర్మియానీ పనికి నలభై నుంచి యాభై లోపు. ఉదాహరణకి స్టిల్ కంపెనీ ఎం.ఎస్. 250 ఉంది, 45.4 సీసీ, బార్, చైన్, పెట్రోలు లేకుండా 4.6 కిలోలు. హస్క్‌వర్నాలోనూ ఆ తరగతివి ఉన్నాయి. పేరున్న కంపెనీ చెప్పే సీసీకీ, పేరులేని డబ్బా మీద రాసిన సీసీకీ ఫరక్ ఉందని ఆటోనగర్ మిస్త్రీ నవ్వుతూ చెప్పాడు. పెద్ద అంకె చూసి మోసపోయింది నేనొక్కణ్ణే కాదట.

కరెంటుతో నడిచేవి, బాటరీవి కూడా చూశాం. ఇంటి పక్క పనికి కరెంటు మిషన్ మంచిదే. పొగ లేదు, ధర తక్కువ. కానీ తూఫాన్ కోసం కొంటూ కరెంటు మీద భరోసా పెట్టుకోవడం ఏమిటి? హుద్‌హుద్ తర్వాత మా గల్లీలో ఎన్ని రాత్రులు మోంబత్తీలతో గడిపామో నాకింకా యాదుంది. బాటరీది కొమ్మల వరకు సరే.

ఆస్పత్రి రోజుల్లో చదివిన ఒక ముచ్చట. ఈ గొలుసు రంపం మొదట చెట్ల కోసం పుట్టలేదు. 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు డాక్టర్లు ఎముక కోయడానికి చేత్తో తిప్పే చిన్న గొలుసు రంపం తయారుచేశారు. కష్టమైన కాన్పుల్లో కూడా వాడారట. వార్డు బయట బెంచీ మీద కూర్చుని అది చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

దుకాన్‌కి ముగ్గురం వెళ్ళాం. కుర్రాడు ముందు బరువు చూశాడు. మిషన్ ఎత్తి చేతులు చాచి కాసేపు అలాగే నిలబడ్డాడు. మావ కుర్చీ వేయించుకుని కూర్చుని, ప్రతి మిషన్‌నీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కటే చూశాడు. గార్డుని ముందుకి తోస్తాడు, టక్ మంటుంది. చైన్‌ని చేత్తో లాగుతాడు, కదలదు. గార్డు వెనక్కి లాగుతాడు, చైన్ కదులుతుంది. ఇలా నాలుగు మిషన్లు. సేల్స్ కుర్రాడికి విసుగు వచ్చింది. నేను మాత్రం గోడ మీద ధరల పట్టీ చదువుతున్నట్టు నటించాను.

మేం చూసిన మిగతావి ఇవి. వెనక హాండిల్ మీద అరచేత్తో నొక్కితేనే యాక్సిలేటర్ కదిలే లాక్. యాక్సిలేటర్ వదిలితే చైన్ తిరగకుండా నిలబడడం, మా పాతదానికి ఇంజన్ ఊరికే నడుస్తున్నా చైన్ పాకుతూనే ఉండేది. చైన్ తెగితే పట్టే కొక్కెం. చేతులకి వణుకు రాకుండా హాండిళ్ళకి స్ప్రింగులో రబ్బరు దిమ్మలో. ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: చైన్, ఎయిర్ ఫిల్టర్, స్ప్రాకెట్ మన ఊళ్ళో బస్సెక్కి వెళ్ళి తెచ్చుకునేలా దొరకాలి. ఆన్‌లైన్లో చౌకగా వచ్చి, ముక్క పోతే దేశమంతా వెతికించే మిషన్ మనకొద్దు.

తీసుకున్నది నలభై ఐదు సీసీ తరగతిది, పదహారు అంగుళాల బార్. పాతదాని ధరకి నాలుగింతలు దాటింది. బిల్లు వేయిస్తుంటే కుర్రాడు మెల్లగా అన్నాడు: "ప్లాంటులో షూ, హెల్మెట్ నేకుండా గేటు దాటనివ్వరు సార్. తోటలో సెప్పులతో కోయించేస్తారేటి?" ఆ మాట నాకు చెప్పాడో, వాళ్ళ నాన్నకి చెప్పాడో తెలీదు. జాలీ ముసుగున్న హెల్మెట్, చెవులకి మఫ్, కాళ్ళకి కట్టుకునే చాప్స్ కూడా తీసుకున్నాం. ఈ చాప్స్ లోపల పొడుగు పోగులు పొరలు పొరలుగా ఉంటాయి. చైన్ తగలగానే ఆ పోగులు లాక్కుపోయి స్ప్రాకెట్‌లో చిక్కుకుని మిషన్‌ని ఆపేస్తాయి. మిషన్ ధరలో గణనీయమైన భాగం వీటికే అయింది. బేరమాడలేదు. బేరమాడకుండా నేను కొన్న సామాను జిందగీలో ఇదొక్కటే.

కొన్నాక ఉండే పని ఎవరూ చెప్పరు. పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ కలపాలి. కంపెనీ ఆయిల్ అయితే లీటరుకి ఇరవై మిల్లీలీటర్లు, ఏ మిషన్‌కి ఎంతో దాని కాగితంలో చూడాలి. అందాజాగా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమని పీలుస్తుంది. అందుకని పని అయ్యాక టాంకీ ఖాళీ చేసి, మిగిలినది ఇంజన్ ఆగేదాకా నడిపించాలి. బార్‌కి నూనె వేరే టాంకీ. పెట్రోలు నింపిన ప్రతిసారీ అదీ నింపాలి, లారీల్లోంచి తీసిన కాలిన ఆయిల్ పోయకూడదు. చైన్‌కి ఆకురాయి పట్టడం నేర్చుకోవాలి. పదునున్న చైన్ పొట్టు విసురుతుంది, మొద్దుబారితే పిండి రాలుస్తుంది. పిండి కనపడిందంటే ఆపి ఆకురాయి తీయాలి. మొద్దు రంపాన్ని మనిషి బలంతో నొక్కుతాడు, ప్రమాదం అక్కడే. కొబ్బరి, తాడి అయితే మరీ. పైన ఇనుములాంటి చెక్క, లోపల పీచు. చైన్ పదును తొందరగా పోతుంది, పీచు క్లచ్ కవర్‌లో కూరుకుపోతుంది.

గాలికి పడిన చెట్టుది వేరే లెక్క. వంగి బిగుసుకుని ఉన్న మానులో ఒక పక్క నొక్కుకుని ఉంటుంది, ఇంకో పక్క సాగి ఉంటుంది. ముందు నొక్కుకున్న పక్క కొంచెం కోసి, తర్వాత సాగిన పక్క కోయాలి. తారుమారైతే బార్ ఇరుక్కుంటుంది, లేదంటే మాను చీలి మొహాన కొడుతుంది. వేళ్ళతో లేచిన చెట్టుని మొదట్లో కోస్తే ఆ వేళ్ళ దిబ్బ లేచి యథాస్థానంలో నిలబడవచ్చు, దాని గుంటలో పిల్లల్ని ఆడనివ్వకండి. నిలబడి ఉన్న చెట్టు కొట్టే ముందు 2002 వాల్టా చట్టం కింద ఇజాజత్ కావాలా అని కనుక్కోండి.

మిషన్ తోటకి వెళ్ళిన మొదటి ఆదివారం నేనూ వెళ్ళాను. కుర్రాడు చాప్స్ కట్టుకుంటే మావ నవ్వాడు, "కబడ్డీకి ఎల్తున్నావేట్రా" అని. రెండు నీలగిరులు మధ్యాహ్నానికి ముక్కలయ్యాయి. పంపుషెడ్డు నీడలో మావ కుర్చీలో, నేను అరుగు మీద. ఎలా మొదలుపెట్టాలో తెలీక, "మావా, ఆ రోజు ఫోన్లో నేను తీసేయమన్నాను" అన్నాను.

మావ చాలాసేపు మిషన్ వైపే చూశాడు. "గేపకముంది సాయిబుగోరూ. నాను మరిసిపోయినాననుకున్నారేటి?"

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మీరు సెప్తారేమోనని సూసినాను."

నాకు జవాబు రాలేదు. మాఫీ అడిగాను. ఏ జుబాన్‌లో అడిగానో కూడా యాద్ లేదు, బహుశా రెండూ కలిసిపోయి ఉంటాయి. మావ మాఫ్ చేశానని అనలేదు, చేయనని కూడా అనలేదు. "మా గుంటడికి సెప్పండి. వోడు నన్ను తాగి కోసీసేననుకుంటన్నాడు" అన్నాడు.

ఆరేళ్ళు! ఆ మాట నాకు తెలీనే తెలీదు. కుర్రాడు నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు చెప్పాను, మొత్తం. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని విన్నాడు. నావైపు చూడలేదు, నాన్న వైపు చూశాడు. తర్వాత ఆకురాయి తీసుకుని, చైన్‌లో ఒక్కొక్క పన్నుకీ పట్టడం మొదలుపెట్టాడు. అసర్ దాకా ఎవరం మాట్లాడలేదు.

బయల్దేరుతుంటే మావ తన ఇంటి చూరులోంచి ఒక కాగితం పొట్లం తీయించి ఇచ్చాడు. నల్ల ప్లాస్టిక్ గార్డు, రెండు బోల్టులు. పారేయబుద్ధి కాలేదట. ప్రస్తుతం నా స్కూటర్ డిక్కీలో ఉంది. బేగంకి ఇంకా చూపించలేదు.